ఖాళీలున్నాయి, దయచేసి రావద్దు

గాలి ఎంత పాడైందో, నీరు ఎంత చెడిందో కొలిచి చెప్పడానికి ప్రతి రాష్ట్రంలోనూ ఒక కాలుష్య నియంత్రణ మండలి ఉంటుంది. దేశం మొత్తం మీద ఈ మండళ్లలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీ. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన పుకారు కాదు, జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన అధికారిక లెక్క. దిల్లీ కాలుష్య నియంత్రణ కమిటీలో సగానికి పైగా కుర్చీలు ఖాళీగా ఉన్నాయని 2025లో సుప్రీంకోర్టు మండిపడింది. శీతాకాలంలో ఎదుటి మనిషి కనపడని ఊళ్లో, ఎందుకు కనపడటం లేదో చెప్పే మనిషి కూడా లేడన్నమాట.

కోర్టువారికి కోపం వచ్చిందేమోగానీ, నాకు మాత్రం పాలకుల ముందుచూపు మీద గౌరవం పెరిగింది. ఖాళీ కుర్చీ దగ్గదు. వాగు దగ్గరికెళ్లి సీసాలో నీళ్లు పట్టదు. పట్టిన నీళ్లని ల్యాబుకి పంపదు. ఫలానా కంపెనీ రాత్రి రెండు గంటలకు ట్యాంకర్ ఖాళీ చేసిందని నోట్ ఫైల్ రాయదు. డీఏ అడగదు, బదిలీ అడగదు, ఎమ్మెల్యేగారి ఫోన్‌కి ఎదురు చెప్పదు. ఇన్ని సుగుణాలున్న ఉద్యోగిని వదులుకుని ఎమ్మెస్సీ చదివిన మనిషిని తెచ్చి కూర్చోబెట్టేంత తెలివితక్కువవాళ్లా మనవాళ్లు?

కాబట్టి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ పట్టా చేతబట్టుకుని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగుతున్న పిల్లలు మొదట ఒక సంగతి గ్రహించాలి. మీకు ఉద్యోగం లేకపోవడం ఎవరి మతిమరుపూ కాదు. మీరు రాకుండా చూడటానికి చాలామంది చాలాకాలంగా కష్టపడుతున్నారు. వారి శ్రమను చులకన చేయకండి.

అయితే పిల్లలు పర్యావరణం చదవకూడదని మాత్రం ఎవరూ అనలేదు. పైపెచ్చు అందరూ చదివి తీరాలన్నారు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయమంది. ఎవరూ పట్టించుకోకపోతే 2003లో మళ్లీ గట్టిగా చెప్పింది. దాంతో యూజీసీ ఆరు నెలల తప్పనిసరి కోర్సు తయారు చేసింది. ఆనాటి నుంచి బీకాం కుర్రాడూ బీటెక్ అమ్మాయీ ఓజోన్ పొరకి పడిన చిల్లు గురించి ఒక సెమిస్టర్ పాటు బెంగ పెట్టుకుని, పరీక్ష రాసి, మరిచిపోతున్నారు. మరి ఇంతమందికి పాఠం చెప్పడానికి ఎన్ని వేల పర్యావరణ లెక్చరర్ పోస్టులు పుట్టి ఉండాలి! అదే మీ అమాయకత్వం. టైంటేబుల్‌లో ఎవరికి పీరియడ్లు తక్కువ పడితే ఆ సబ్జెక్టు వాళ్లది. కామర్స్ మేడమ్ ఆహార గొలుసు చెబుతారు, ఫిజిక్స్ మాస్టారు జీవవైవిధ్యం చెబుతారు, మాస్టారు సెలవు పెడితే గైడు చెబుతుంది. దేశంలో ఎవరైనా చెప్పగలిగిన పాఠం ఇదొక్కటే. దీన్నే నమ్ముకుని పీహెచ్‌డీ దాకా చదివిన వాళ్లకు గెస్ట్ ఫ్యాకల్టీ అని పేరు పెట్టి, గంటల లెక్కన కూలి ఇస్తారు. అతిథి అన్నారు కదా, వేసవి సెలవుల్లో ఎవరింటి అతిథి వారింటికి వెళ్లిపోవాలి. జీతం జూన్‌లో చూసుకుందాం.

సర్కారీ కొలువుల అర్హతల కాలమ్ ఇంకా రుచిగా ఉంటుంది. అడవుల్ని కాపాడటానికి ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ అని ఒక పెద్ద ఉద్యోగం ఉంది. దానికి యూపీఎస్సీ అడిగే చదువుల జాబితా ఇది: పశుసంవర్ధకం-పశువైద్యం, వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం, గణితం, భౌతికశాస్త్రం, స్టాటిస్టిక్స్, జంతుశాస్త్రం, వీటిలో ఒక్కటైనా డిగ్రీలో ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్ పట్టా ఉండాలి. ఎంత వెతికినా ఆ జాబితాలో పర్యావరణ శాస్త్రం కనపడదు. కంప్యూటర్ ఇంజినీర్‌కి పులి దగ్గరికి నేరుగా దారుంది. పర్యావరణమే చదివిన పిల్లవాడికి పక్కన కెమిస్ట్రీయో బోటనీయో తోడు రావాలి. పోనీ కాలుష్య మండలికి వెళదామా అంటే, ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అసిస్టెంట్ ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీర్ పోస్టుకి పేరులోనే గేటు ఉంది: ఇంజినీర్. సైన్స్ వాళ్లకు ల్యాబులో అనలిస్ట్ కొలువుంది, నోటిఫికేషన్ వచ్చినప్పుడు. ఎప్పుడు వస్తుందన్నది ఖగోళశాస్త్రం వాళ్లని అడగాలి.

ఇంత కచ్చితత్వం కింది మెట్ల దగ్గరే సుమా. పైమెట్టు ఎక్కే కొద్దీ చట్టానికి చూపు మందగిస్తుంది. మండలి ఛైర్మన్‌కి పర్యావరణ విషయాల్లో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో ఉండాలని 1974 నాటి నీటి చట్టం చెబుతుంది. ఆ పరిజ్ఞానాన్ని ఎన్నికల్లో టికెట్ రాకపోవడం ద్వారా సంపాదించవచ్చని రాష్ట్ర ప్రభుత్వాలు అర్థం చేసుకున్నాయి. ఈ వ్యాఖ్యానం మీద హరిత ట్రిబ్యునల్ 2016లో అభ్యంతరం చెప్పింది. ఛైర్మన్లకీ సభ్యులకీ అర్హతలేమిటో నిబంధనలు రాసుకోండని 2017లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ గడువు పెట్టి మరీ చెప్పింది. వాగు నీళ్లలో సీసా ముంచే వాడికి మార్కుల జాబితా, స్టడీ సర్టిఫికెట్, నాన్ క్రీమీలేయర్, ఆధార్, పాన్. ఆ సీసా మీద తీర్పు చెప్పే వాడికి ఏం కావాలన్నది రాసుకోవడానికి మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లి రావాలి.

ఉద్యోగాలు లేవని నిరాశపడకండి, శిక్షణ ఉంది. శిక్షణకి మాత్రం ఈ దేశంలో ఏనాడూ కరువు రాలేదు. 2018లో కేంద్ర పర్యావరణ శాఖ గ్రీన్ స్కిల్ డెవలప్‌మెంట్ పథకం కింద 30 కోర్సుల్లో, 2021 నాటికి 5.5 లక్షల మందికి పైగా యువతను తయారు చేస్తామని ప్రకటించింది. హైదరాబాద్‌లో గచ్చిబౌలి దగ్గర 1992 నుంచి ఇందుకోసమే ఈపీటీఆర్ఐ అనే సంస్థ ఉంది. ఆ కోర్సులు చెడ్డవని నేననను. మొక్కల్ని, పక్షుల్ని గుర్తుపట్టడం, మురుగునీటి శుద్ధి ప్లాంటు నడపడం, గాలి నమూనా తీయడం నేర్పితే కాదనేది ఎవరు? నేర్చుకున్నవాడు మర్నాడు పొద్దున ఎక్కడికెళ్లి సంతకం పెట్టాలన్నదే ఆ సర్టిఫికెట్ వెనకవైపు రాసి ఉండదు.

ప్రైవేటు శిక్షణ దీని తాత. గాలిలో కాలుష్యం ఎటు పోతుందో లెక్కగట్టడానికి అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఊరికే ఇచ్చే ఏఈఆర్‌మాడ్ సాఫ్ట్‌వేర్‌ని రెండు రోజుల వర్క్‌షాపులో 18 శాతం జీఎస్టీతో నేర్పుతారు. ఇక వెబినార్లు. కెమెరా కట్టేసి, మైకు మ్యూట్ చేసి, వంట చేసుకుంటూ విన్నా ఈ-సర్టిఫికెట్ వచ్చి పడుతుంది. యూనివర్సిటీ ల్యాబులో స్పెక్ట్రోఫొటోమీటర్ మీద కప్పిన గుడ్డ గ్రేడు ఇవ్వడానికి నాక్ కమిటీ వచ్చిన రోజున తప్ప తొలగదు కాబట్టి, మీటరు ముట్టుకోకుండా మీటరు మీద సర్టిఫికెట్ తెచ్చుకోవడం ఒక్కటే మార్గం. చాలాకాలం ఈ రంగాన్ని గమనించాక నాకర్థమైంది ఏమిటంటే, పర్యావరణ రంగంలో నిలకడగా దొరికే ఉద్యోగం ఒకటుంది. పర్యావరణ రంగంలో ఉద్యోగాలకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం.

సరే, ఎక్కడా దారి లేనివాడికి ఒక తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కన్సల్టెన్సీ. అసలు శిక్షణ మొదలయ్యేది అక్కడే. మిగతా దేశమంతా మీకు చూడటం నేర్పడానికి ప్రయత్నించి విఫలమైంది. చూసింది ఎలా మరిచిపోవాలో ఇక్కడ నేర్పుతారు, జీతమిచ్చి మరీ.

సంగతి తెలియని పాఠకులకు రెండు ముక్కలు. గని తవ్వాలన్నా, సిమెంటు ఫ్యాక్టరీ పెట్టాలన్నా, థర్మల్ కేంద్రం కట్టాలన్నా 2006 సెప్టెంబర్ 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక ఇవ్వాలి. ఈఐఏ అంటారు. దాన్ని రాసేది గుర్తింపు పొందిన కన్సల్టెన్సీ. ఆ కన్సల్టెన్సీని ఎంచుకునేది, డబ్బిచ్చేది ఎవరయ్యా అంటే, అనుమతి కోరుతున్న కంపెనీయే. వరుడి గుణగణాలు విచారించే పని వరుడి తరఫు పెళ్లిళ్ల పేరయ్యకే అప్పజెప్పినట్టు. సంబంధం కుదరకపోతే పేరయ్యకి దక్షిణ ఉండదు. అబ్బాయికి ఉబ్బసం ఉందని రాసే పేరయ్యని మీరెక్కడైనా చూశారా?

ఇప్పుడు కొత్తగా చేరిన మన కుర్రాడి దినచర్య చూద్దాం. వాడి చేతికి ఒక ఇనప పెట్టె ఇస్తారు. గాలిని పీల్చి, దుమ్ముని గాజుపీచు కాగితం మీద పట్టే యంత్రం. ప్రాజెక్టు చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో ఊళ్లు ఎంచి, ఏ స్కూలు డాబా మీదో పంచాయతీ ఆఫీసు మీదో దాన్ని ఎక్కించాలి. వర్షాలు లేని ఒక సీజన్, వారానికి రెండు రోజులు, రోజుకి 24 గంటలు. ఎనిమిది గంటలకోసారి కాగితం మార్చాలి. మొత్తుకుని మోసుకెళ్లాక కరెంటు పోతుంది. కరెంటు వచ్చాక బిల్లు ఎవరు కడతారని సర్పంచిగారు అడుగుతారు. రాత్రి రెండున్నరకి కాగితం మార్చాలి కాబట్టి కుర్రాడు పెట్టె పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుంటాడు, కుక్కలు మొరిగినప్పుడల్లా లేస్తూ. ఈ కష్టమంతా వాడు నిజంగా పడతాడు, అందులో అబద్ధం లేదు. పిల్లలకి మొదటి ఆరు నెలలు శాస్త్రం మీద నమ్మకం ఉంటుంది. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి, కవర్లో పెట్టి, పైన తేదీ రాసి ఆఫీసుకి తెస్తాడు. తూకం వేస్తే అంకె వస్తుంది. అసలు కథ అక్కడ మొదలవుతుంది.

"సార్, మూడో స్టేషన్లో పీఎం టెన్ 118 వచ్చింది సార్."

"ఎక్కడ పెట్టావు?"

"హైస్కూలు డాబా మీద సార్."

"రోడ్డు పక్కన పెట్టుంటావు."

"లేదు సార్, రోడ్డు చాలా దూరం."

"ఎంత దూరమైనా రోడ్డు రోడ్డే. లారీలు తిరుగుతాయి. అవుట్‌లయర్ అది, తీసెయ్. తమ్ముడూ, రిపోర్టు ఎవరికి ఇస్తున్నాం?"

"మినిస్ట్రీకి సార్."

"బిల్లు?"

కుర్రాడు తలవంచుకుంటాడు. ఆ రోజుతో ప్రొబేషన్ పూర్తయినట్టే.

లెక్క మరీ సులువు. పీఎం టెన్ అనే ఆ సన్న దుమ్ముకి 24 గంటల హద్దు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. ఊళ్లో ఇప్పటికే ఉన్న దుమ్ముకి ఫ్యాక్టరీ కలపబోయే దుమ్ము కూడితే ఆ హద్దు దాటకూడదు. ఊరి దుమ్మే 118 అయితే ఇంక కూడికకి చోటెక్కడ? అందుకని ఊరు 61 దగ్గర ఉంటుంది, ఫ్యాక్టరీ మూడో నాలుగో కలుపుతుంది, శుభం. మన పల్లెలు ఎంత శుభ్రమైనవో తెలుసుకోవాలంటే కవులు రాసినవి కాదు, ఈ నివేదికలు చదవాలి. వాటిలో ఏ ఊళ్లోనూ పొయ్యి పొగ రాదు, గడ్డి తగలబెట్టరు, ట్రాక్టర్ నడవదు.

జీవవైవిధ్యం అధ్యాయం ఇంకా మనోహరం. సర్వే ఎక్కువగా ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, ఏసీ బొలేరో దిగకుండా సాగుతుంది. కాకి, పిచ్చుక, మైనా, ముంగిస, వేప, తుమ్మ కనపడతాయి. నెమలి ఎదురుగా వచ్చి పురి విప్పినా సరే కనపడదు. అది షెడ్యూల్ వన్ పక్షి, కనపడితే దానికో సంరక్షణ ప్రణాళిక, ఆ ప్రణాళికకో బడ్జెట్ రాయాలి. మన జాతీయ పక్షికి ప్రాజెక్టుల దగ్గర మాయమయ్యే విద్య ఇలా అబ్బింది. ఒక్కోసారి లేని చెట్లు మొలుస్తాయి కూడా. మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా బాక్సైట్ గని కోసం ఇచ్చిన నివేదికలో స్ప్రూస్, బర్చ్ అడవులూ, వాటిలో పక్షులూ దర్శనమిచ్చాయి. కొంకణంలో కొబ్బరి, మామిడి తప్ప ఎరగని జనం నోళ్లు తెరిచారు. తీరా చూస్తే అది రష్యాలో ఒక బాక్సైట్ గని నివేదికలోంచి ఎత్తిన భాగం. రాసింది ఊరూపేరూ లేని సంస్థ కూడా కాదు. కంట్రోల్-సి, కంట్రోల్-వి మీద వర్క్‌షాపు ఎవరూ పెట్టరు గానీ, ఈ రంగంలో పని ఇప్పించే నైపుణ్యం అదే.

లేనిది కనపడటం నవ్వు తెప్పిస్తుంది. ఉన్నది కనపడకపోతే మనుషులు చచ్చిపోతారు. శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గర బీల ఉంది. ఏడాది పొడుగునా నీళ్లుండే లోతట్టు నేల. చుట్టుపక్కల పొలాలకి తడి, జాలరులకి చేప, పశువులకి మేత, వలస పక్షులకి విడిది. ఏ పిల్లవాణ్ణి అడిగినా దారి చూపిస్తాడు. అక్కడ థర్మల్ కేంద్రం కట్టడానికి ఆ నేలని పనికిరాని బంజరుగా చూపించారు. ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్లో చిత్తడినేలల పాఠం ఉంటుంది. కళ్లద్దాలున్న నిపుణులకి మాత్రం నీళ్లు కనపడలేదు. 2010 జులై 14న, కేంద్రం వద్దని అడ్డుకున్న జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు, ప్రాణాలు పోయాయి. అదే రోజున దిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. చేపలు పట్టుకునే వాళ్లకి ముందునుంచీ తెలిసిన విషయం రుజువు కావడానికి అంత ఖర్చయింది.

ప్రజాభిప్రాయ సేకరణ రోజున కూడా మన కుర్రాడికి పనుంటుంది. వందల పేజీల నివేదిక ఇంగ్లీషులో, సారాంశం మాత్రం తెలుగులో. ఆ తెలుగు చదివితే ఇంగ్లీషే నయమనిపిస్తుంది. షామియానా కింద, కలెక్టర్‌గారి సమక్షంలో, పోలీసుల మధ్య కుర్రాడు లేచి "గ్రీన్ బెల్ట్ 33 శాతం డెవలప్ చేస్తాం, మిటిగేటివ్ మెజర్స్ తీసుకుంటాం" అంటాడు. వెనక వరసలోంచి ఒక ముసలమ్మ "బాబూ, నువ్వే కదా మా బడి డాబా మీద పడుకున్నది? ఆ పెట్టెలో ఏమొచ్చింది నాయనా?" అని అడుగుతుంది. మినిట్స్‌లో ఇది 'ప్రజలు ఉపాధి అవకాశాలు కోరారు' అని నమోదవుతుంది.

ఇదంతా కుర్రాళ్ల నైతిక పతనం అని ఎవరైనా ఉపన్యాసం ఇవ్వబోతే ఆగమనండి. గుజరాత్‌లో హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి ఫ్యాక్టరీలకి పర్యావరణ ఆడిట్ ఉంది. అక్కడా ఆడిటర్‌ని పెట్టుకునేది, డబ్బిచ్చేది ఫ్యాక్టరీయే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు 2009 నుంచి అక్కడ ఒక ప్రయోగం చేసి 2013లో ఫలితాలు ప్రచురించారు. పొగగొట్టంలో ధూళికి హద్దు ఘనపు మీటరుకి 150 మిల్లీగ్రాములు. మామూలు పద్ధతిలో ఆడిటర్ల అంకెలన్నీ ఆ గీతకి సరిగ్గా కింద గుంపుగా నిలబడ్డాయి, బస్సు కోసం వేచి ఉన్న జనంలా క్రమశిక్షణగా. మళ్లీ వెళ్లి కొలిస్తే అసలు అంకెలు గీతకి పైన ఎక్కడెక్కడో ఉన్నాయి. తర్వాత కొన్ని ఫ్యాక్టరీలకి పద్ధతి మార్చారు. ఎవరికి ఏ ఆడిటరో లాటరీ తీశారు, జీతం ఉమ్మడి నిధి నుంచి ఇచ్చారు, అప్పుడప్పుడు వెనకే వెళ్లి సరిచూశారు. అవే మీటర్లు, అవే చదువులు, అదే గుజరాత్. ఆడిటర్లకి ఉన్నట్టుండి కళ్లు కనపడ్డాయి. నిజం రాశారు. నిజం రాస్తున్నారని తెలిసి ఫ్యాక్టరీలు పొగ తగ్గించాయి. ఏ వర్క్‌షాపూ, ఏ ఈ-సర్టిఫికెటూ లేకుండా, ఎంపిక ఎవరిది, బిల్లు ఎవరికి, సరిచూసేది ఎవరన్న గడులు మార్చితే ఇంత జరిగింది.

ఇలాంటిది మనవాళ్ల చెవిన పడకుండా ఉంటే బాగుండేది. పడింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన పర్యావరణ ఆడిట్ నియమాల్లో, ఆడిటర్‌ని ఎంచుకునే పని పరిశ్రమకి వదలకుండా లాటరీ పద్ధతిన కేటాయించాలన్న మాట చేరింది. కన్సల్టెన్సీల్లో కొందరికి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. కంగారు పడకండి. నియమానికీ అమలుకీ మధ్య మన దేశంలో ఎంత విశాలమైన బీల ఉంటుందో, అందులో ఎన్ని ఫైళ్లు మునుగుతాయో మీకు తెలియంది కాదు.

కన్సల్టెన్సీ వద్దు, పరిశోధన చేస్తానంటారు కొందరు మొండి పిల్లలు. చేయండి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకి 37,000, 2023లో పెంచారు. రాకపోతే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 8,000. ఆ 8,000 ఏళ్లుగా అలాగే ఉంది. 2015లో దాన్ని కూడా ఎత్తేయబోతే విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందు చలిలో కూర్చుని నిలబెట్టుకున్నారు. వచ్చే డబ్బైనా నెల నెలా వస్తుందనుకునేరు. ఇన్‌స్పైర్ లాంటి పేరున్న ఫెలోషిప్పులే నెలల తరబడి ఆగి, పరిశోధకులు అప్పులు చేసుకున్న వార్తలు పత్రికల్లో చదివే ఉంటారు. శాంపిల్‌లో సీసం ఎంతుందో తేల్చే పరీక్షకి బయటి ల్యాబు అడిగే సొమ్ము సొంత జేబులోంచి కట్టుకోవాలి. బహుశా అందుకే పెద్ద పెద్ద విషయాలు కనిపెట్టే పని మనం విదేశీ అతిథులకి వదిలేశాం. పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో లోకానికి చెప్పింది ఎవరు? స్వీడన్ శాస్త్రవేత్తలు. ఆ మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాక వచ్చిన నీళ్ల సంగతి ఇది, చేయకముందుది కాదు. గోథెన్‌బర్గ్ నుంచి వచ్చి సీసా ముంచారు వాళ్లు. ఉస్మానియా నుంచి పటాన్‌చెరుకి సిటీ బస్సుంది.

ఆ బస్సెక్కాల్సిన పిల్ల ఇప్పుడెక్కడుందో చెప్పనా? అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ నేర్చుకుంటోంది. అమెరికాలో ఎవరికో ఉబ్బసం వస్తే బీమా బిల్లు మీద 'జె45' అని కోడ్ వేయాలి. ఎందుకు వచ్చిందన్న కాలమ్ ఆమె స్క్రీన్ మీద ఉండదు. ఎమ్మెస్సీలో ఆమె థీసిస్ సూక్ష్మ ధూళికణాలు, శ్వాసకోశ వ్యాధుల మీద. చదువు వృథా పోయిందని ఎవరనగలరు?

కార్పొరేట్ వారి దగ్గర ఈఎస్‌జీ ఉద్యోగాలు ఉన్నాయి కదా అనకండి. షేర్ మార్కెట్లో మొదటి వెయ్యి కంపెనీలూ 2022-23 నుంచి తమ సుస్థిరత నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలని సెబీ అన్నాక, ఆ ఉద్యోగాలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేచాయి. కోసుకున్నది ఎంబీఏలు, చార్టర్డ్ అకౌంటెంట్లు. కార్బన్‌ని చూసినవాడికంటే ఎక్సెల్‌లో దాన్ని కూడగలిగినవాడు ముఖ్యం. అమెరికా వెళదామా? 2025లో అక్కడి ఈపీఏ తన పరిశోధన విభాగాన్నే మూసేస్తానంది. హెచ్-1బీ కొత్త వీసాకి లక్ష డాలర్లన్నారు. మన కుర్చీల ఖాళీ విధానాన్ని అగ్రరాజ్యం ఆదర్శంగా తీసుకున్నందుకు గర్వపడదాం.

ఇక్కడితో ఆపేసేవాణ్ణే. ఎవరో పెద్దమనిషి లేచి, "ఏం పోయింది, మనుషులు లేకపోతే మాత్రం? కంపెనీలే నిజాయితీగా చెప్పుకుంటాయి, స్వీయ ధ్రువీకరణ చాలు" అంటారని తెలుసు కాబట్టి ఇంకొక్క ముక్క. ఆయన చెప్పింది నిజమే. విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ 2019 మే నెలలో స్వయంగా అఫిడవిట్ ఇచ్చింది, తాము ఉత్పత్తి చేస్తున్న మేరకు తమ దగ్గర చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని. ఇంతకన్నా నిజాయితీ ఎక్కడ దొరుకుతుంది? ఆ కాగితం చదివి, జీపెక్కి, ట్యాంకుల దగ్గరికెళ్లి, స్టైరీన్ ఉష్ణోగ్రత ఎక్కడ కొలుస్తున్నారో అడగడానికి ఒక మామూలు శాస్త్ర పట్టభద్రుడు, ఒక థర్మామీటర్ చాలు. ఏడాది గడిచింది. 2020 మే 7 తెల్లవారుజామున ఆ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి లీకై, పక్కనున్న ఆర్ఆర్ వెంకటాపురం వీధుల్లో మనుషులు నడుస్తూ నడుస్తూ కూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. అప్పుడు పుణె నుంచి రసాయన ప్రమాదాల నిపుణులు విమానంలో దిగారు. ట్యాంకులో రసాయన చర్యని అదుపు చేసే మందు గుజరాత్ వైపు నుంచి విమానంలో వచ్చింది. కమిటీల మీద కమిటీలు పడ్డాయి. ఆ రోజు ఒక్క ఫైలు కూడా ఆర్థిక శాఖ ఆమోదం లేదని వెనక్కి రాలేదు.